కోసేసిన వైరు: జపాన్ బండి పాత స్టీరియోకి ఫోన్ కలిపిన కేసు

నల్గొండలో ఆటో ఎలక్ట్రీషియన్‌గా పని చేస్తున్నాను. సెల్ఫ్ మోటార్లు, ఆల్టర్నేటర్లు, వైరింగ్ నా రోజువారీ పని. స్టీరియోలు బిగించడం దాంతోపాటు వచ్చేదే. ఈ కేసు రాసి పెట్టడానికి రెండు కారణాలున్నాయి. మొదటి వారం నేను చెప్పిన నిర్ధారణ తప్పు, అది ఎలా తప్పిందో ఈ పని నేర్చుకుంటున్న పిల్లలకు తెలియాలి. ఇక రెండోది, ఫోన్ కలవదన్న ఒక్క కారణంతో బండితో వచ్చిన మంచి స్టీరియోలను పీకి పక్కన పడేస్తున్నారు. అది చూస్తే నాకు బాధ వేస్తుంది.

యజమానిని అడిగి, ఆయన సరే అన్నాకే రాస్తున్నాను. బండి మోడల్, రంగు, ఏ సంవత్సరానిదో రాయను. ఇలాంటివి మా జిల్లాలో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మోడల్ చెబితే మనిషి పేరు చెప్పినట్టే. బండి మన దేశానికి ఎలా వచ్చిందన్న సంగతి కూడా ఇక్కడ అవసరం లేదు. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయని మాత్రం చూసుకున్నాను.

ఆయన, ఆయన బండి

యజమాని ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దమనిషి. వాళ్ళ నాయన ఒకప్పుడు ఊళ్ళో చిరుతల రామాయణం ఆడేవారట. చివరి రోజుల్లో మంచం మీద కూర్చుని, చేతిలో చిరుతలు (చిడతలు) ఆడిస్తూ ఆయన పాడిన పదాలను మనవడు ఫోన్‌లో రికార్డ్ చేశాడు. మొత్తం నాలుగు గంటల దాకా ఉంటుంది. ఈయన వారానికి రెండు సార్లు దేవరకొండ రోడ్డు మీదుగా సొంతూరికి పోయి వస్తారు. ఆ దారిలో నాయన గొంతు వినాలన్నది ఆయన కోరిక. ఫోన్ స్పీకర్‌లో పెడితే ఇంజన్ చప్పుడులో ఏమీ వినపడడం లేదు.

బండి జపాన్ వాళ్ళ కోసం తయారైనది. అక్కడా మనలాగే రోడ్డుకు ఎడమవైపున నడుపుతారు కాబట్టి స్టీరింగ్ కుడివైపే, నడపడానికి ఏ ఇబ్బందీ లేదు. స్టీరియో విషయానికొస్తే తేడా తెలుస్తుంది. డెక్‌లో, అంటే డాష్‌బోర్డ్‌లో ఉండే స్టీరియో పెట్టెలో, ఒక సీడీ, దాని కింద ఒక ఎండీ ఉన్నాయి. ఎండీ అంటే మినీడిస్క్, సోనీ 1992లో తెచ్చిన చిన్న డిస్కు. జపాన్‌లో బాగా వాడారు, మన దగ్గర అది చూసినవాళ్ళే తక్కువ. క్యాసెట్ లేదు కాబట్టి క్యాసెట్ ఆకారంలో ఉండే అడాప్టర్ పెట్టే దారి మొదట్లోనే మూసుకుపోయింది.

రేడియో సంగతి ఇంకొంచెం వివరంగా చెప్పాలి. మన ఎఫ్ఎం 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. జపాన్‌లో పాత రేడియోలన్నీ 76 నుంచి 90 వరకే. 90కి పైన అక్కడ ఒకప్పుడు టీవీ ఛానళ్ళు ఉండేవి. అందుకే ఈ బండిలో హైదరాబాద్ వివిధ భారతి 102.8 నంబరే రాదు, అంకెలు 90 దాకా పోయి మళ్ళీ 76కి వస్తాయి. మీడియం వేవ్ మాత్రం రెండు దేశాల్లోనూ 9 కిలోహెర్ట్జ్ మెట్లతోనే ఉంటుంది. కాబట్టి ఆకాశవాణి హైదరాబాద్ 738 ఈ బండిలో వస్తుంది. ఆయన పొద్దున వార్తలు దాంట్లోనే వింటారు. “ఈ మధ్య సరిగ్గ వస్తలేదు” అని మొదటి రోజే అన్నారు. కరెంటు తీగల కింద మీడియం వేవ్ గరగరమనడం మామూలే కదా అనుకుని ఆ మాట వదిలేశాను. ఆ మాట దగ్గరే ఆగి ఉండాల్సింది.

ఇంకో సంగతి కూడా ఆయన అదే రోజు చెప్పారు. అంతకు ముందు వేరే చోట ఆండ్రాయిడ్ ప్లేయర్ పెట్టిద్దామని చూశారట. వాళ్ళు డెక్ బయటికి తీసి పని మొదలుపెట్టాక, కొత్తది ఆ ఖాళీలో కూర్చోదని తేలింది. మామూలు రెండు డిన్‌ల సైజు (కారు స్టీరియోలకు ఉండే ఒక ప్రామాణిక కొలత) డెక్ అయితే ఫ్రేమ్ దొరుకుతుంది. ఇది డాష్‌బోర్డ్ వంపుతో కలిసిపోయిన ముఖం, ఏసీ డిస్‌ప్లే కూడా దాంట్లోనే ఉంది. పాతదే మళ్ళీ బిగించి పంపేశారు. అందుకే నా దగ్గర ఖరాఖండిగా చెప్పారు: “తమ్మీ, డెక్ మార్చుడు మాత్రం వద్దు. ఉన్నదాంట్లనే నాయన పాట వినపడాలె.”

మొదటి ప్రయత్నం: ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్

తక్కువ ఖర్చుతో, ఏదీ విప్పకుండా అయ్యేది ముందు చూడాలన్నది నా పద్ధతి. లైటర్ సాకెట్‌లో పెట్టే ట్రాన్స్‌మిటర్ మన బ్యాండ్ కోసం చేసింది, 87.5కి కింద పంపదు. బండి రేడియో 90కి పైన వినదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది 87.5 నుంచి 90 వరకు, అంటే రెండున్నర మెగాహెర్ట్జ్ మాత్రమే. అది చాలు. 88.1లో పెట్టాను, పాట వచ్చింది. ఆయన సంతోషంగా వెళ్ళారు.

నాలుగు రోజులకు తిరిగొచ్చారు. సినిమా పాటలైతే పర్వాలేదు కానీ, నాయన గొంతు తగ్గించి పాడే చోట సర్రుమనే శబ్దమే పైకి వస్తోంది. పక్కన కూర్చుని విన్నాను. నిజమే. ఈ బండికి బయట ఏరియల్ కడ్డీ లేదు, యాంటెన్నా వెనక అద్దంలో గీతలుగా ఉంది. ట్రాన్స్‌మిటర్ ముందున్న లైటర్ సాకెట్‌లో ఉంది. దూరం ఎక్కువై సిగ్నల్ సరిపోవడం లేదని చెప్పాను. వినడానికి సబబుగా ఉన్న ఆ కారణాన్ని మీటర్ పెట్టి చూడకుండానే చెప్పేశాను.

రెండో ప్రయత్నం: ఛేంజర్ కప్లర్

డెక్ తీయడానికి సిద్ధమయ్యాను. ఇలాంటి బండ్లలో రెండు జాగ్రత్తలు. బ్యాటరీ తీస్తే కోడ్ అడిగే రేడియోలు ఉంటాయి, ముందే యజమానిని అడగాలి. ఈయన ఇంతకు ముందు బ్యాటరీ మార్చినప్పుడు కోడ్ అడగలేదన్నారు. రెండోది ఎయిర్‌బ్యాగ్. బ్యాటరీ నెగెటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాకే చెయ్యి పెట్టాలి, పసుపు రంగు కప్లర్ల (వైర్లను కలిపే ప్లగ్గుల) జోలికి అసలు పోకూడదు. డాష్‌బోర్డ్ క్లిప్పులు ఎండకు పెళుసైపోయి ఉంటాయి కాబట్టి స్క్రూడ్రైవర్ వాడకుండా ప్లాస్టిక్ పట్టీతో మెల్లగా లేపాను.

డెక్ వెనక ఒక కప్లర్ ఖాళీగా ఉంది. సీడీ ఛేంజర్, అంటే చాలా సీడీలు పట్టే విడి పెట్టె కోసం పెట్టింది. దాంట్లో లెఫ్ట్, రైట్, ఎర్త్ పిన్నులు ఉంటాయి. నేరుగా అక్కడ ఫోన్ ఇస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. ఇచ్చి చూశాను, శబ్దం రాలేదు. ఎందుకంటే డెక్ లోపలి ప్రాసెసర్ ముందు “ఛేంజర్ ఉన్నావా?” అని డేటా లైన్ మీద అడుగుతుంది. జవాబు వస్తేనే ఆ దారి తెరుస్తుంది. జవాబు లేకపోతే, బటన్ ఎన్నిసార్లు నొక్కినా ఛేంజర్ వరస రానే రాదు. ఛేంజర్‌లా జవాబిచ్చే అడాప్టర్లు దొరుకుతాయి. కానీ నాకు కనిపించినవన్నీ వేరే దేశాల మోడళ్ళకు చేసినవి. కప్లర్ ఒకేలా ఉన్నా లోపలి భాష ఒకటే అన్న హామీ లేదు. తెప్పించాక పనిచేయకపోతే వాపస్ తీసుకోరు. ఆయన డబ్బుతో అలాంటి ప్రయోగం చేయడం నాకు ఇష్టం లేక ఆ దారి వదిలేశాను.

అయితే డెక్ బయటికి వచ్చాక అసలు విషయం కనిపించింది. వైరింగ్ మధ్యలో నల్ల టేపు చుట్టి ఉంది. విప్పి చూస్తే రెండు వైర్లు కోసి ఉన్నాయి. ఒకదాన్ని మెలేసి కలిపారు. ఇంకోదాన్ని కలపకుండానే టేపు చుట్టేశారు. డెక్ వైపున్న కొసకు మీటర్ పెట్టాను. రేడియో ఆన్ చేస్తే 12 వోల్టులు, ఆపేస్తే సున్నా. అవతలి కొస వెంట పోతే వెనక అద్దం పక్కనున్న చిన్న డబ్బా దగ్గరికి చేరింది. అద్దంలోని యాంటెన్నాకు ఉండే ఆంప్లిఫయర్ అది. దానికి కరెంటే అందడం లేదు!

738 సరిగ్గా రాకపోవడానికి కారణం అదే. ట్రాన్స్‌మిటర్ సర్రుమనడానికి కూడా చాలావరకు అదే కారణం. దూరం ఎక్కువని నేను చెప్పింది తప్పు. రెండు వైర్లనూ టంకం పెట్టి, స్లీవ్ వేసి కలిపాను. 738 గణగణమంది. ట్రాన్స్‌మిటర్ మళ్ళీ పెడితే మునుపటి కంటే చాలా శుభ్రంగా వచ్చింది.

ఇక్కడ ఆగిపోవచ్చు. ఆ మాట ఆయనకు ఫోన్ చేసి చెప్పాను, నా మొదటి నిర్ధారణ తప్పని కూడా చెప్పాను. వచ్చి విన్నారు. గొంతు తగ్గే చోట సన్నని సర్రు ఇంకా ఉంది. ట్రాన్స్‌మిటర్‌తో అంతకంటే తగ్గదు. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, “వైరుతోనే చెయ్యి తమ్మీ, టైమ్ పట్టనియ్” అన్నారు.

మూడో ప్రయత్నం: డెక్ లోపల

ఇక మిగిలింది డెక్ విప్పి, లోపల శబ్దం నడిచే దారిలో చోటు వెతకడం. ఏ సోర్సును వాడుకోవాలన్నది ముఖ్యమైన నిర్ణయం. దాని మీద ఒక సాయంత్రమంతా ఆలోచించాను.

సీడీ దారిలో కలిపితే, ఆక్స్ (వైరుతో కలిపిన ఫోన్) వింటున్నంతసేపూ శబ్దం లేని సీడీ ఒకటి లోపల తిరుగుతూ ఉండాలి. లేకపోతే డెక్ ఆ సోర్సుకు మారదు. పాత లేజర్, మోటారు ఊరికే అరుగుతాయి. మే నెలలో మా దగ్గర ఎండలో నిలబెట్టిన బండిలో డాష్‌బోర్డ్ మీద చెయ్యి పెట్టలేం. ఎండీ కూడా అంతే, పైగా ఆయన దగ్గరున్నవి రెండే డిస్కులు. రేడియోకి డిస్కుతో పని లేదు, బటన్ నొక్కితే ఎప్పుడైనా వస్తుంది. అందుకని ట్యూనర్ (రేడియో భాగం) దారినే ఎంచుకున్నాను. అయితే ఆయన 738 వింటారు, అది పోకూడదు.

దారి వెతకడానికి స్కోప్ (సిగ్నల్‌ను తెర మీద చూపించే యంత్రం) అక్కర్లేదు. పాత కంప్యూటర్ స్పీకర్‌కి ఒక వైరు, దాని కొసన 0.1 మైక్రోఫారాడ్ కెపాసిటర్, దాని చివర సూది. డెక్‌ను బల్ల మీద 12 వోల్టుల సప్లయికి పెట్టి, యాంటెన్నా సాకెట్‌లో మూరెడు వైరు దోపి, 738 పెట్టాను. ట్యూనర్ డబ్బా నుంచి బయలుదేరి, సూదితో ఒక్కో చోట తాకుతూ పోతే వార్తలు ఎక్కడెక్కడ వినిపిస్తున్నాయో తెలుస్తుంది. వాల్యూమ్ చిప్‌కి ముందైతే నాబ్ ఎంత తిప్పినా శబ్దం మారదు, తర్వాతైతే మారుతుంది. అలా చిప్‌లోకి వెళ్ళే రెండు పిన్నులు దొరికాయి. చిప్ మీదున్న నంబర్‌తో డేటాషీట్ తీసి సరిచూసుకున్నాను. మీడియం వేవ్ మోనో కాబట్టి లెఫ్ట్ ఏదో రైట్ ఏదో తెలియదు. దానికి పక్కన పెట్టేసిన ట్రాన్స్‌మిటరే పనికొచ్చింది. లెఫ్ట్‌లో మాత్రమే శబ్దమున్న ఫైల్ 88.1లో వదిలితే ఏ పిన్ను ఏదో తేలిపోయింది.

ఫోన్ వైర్లను నేరుగా ఆ దారికి అతికిస్తే ఏమవుతుందో చూద్దామని తాత్కాలికంగా కలిపాను. శబ్దం వచ్చింది కానీ నీరసంగా, పగిలినట్టు వచ్చింది. ట్యూనర్ అవుట్‌పుట్, ఫోన్ అవుట్‌పుట్ ఒకదాన్నొకటి లాగేస్తాయి. ఒకటి వింటున్నప్పుడు రెండోది తెగిపోవాలి. ఫోన్ వైరు జాక్ దోపగానే పాత దారిని తెంపే రకం సాకెట్లు దొరుకుతాయి, చాలామంది అవే వాడతారు. నేను వద్దనుకున్నాను. దాంతో రేడియో శబ్దం కూడా డెక్ బయటికి మీటరు దూరం పోయి తిరిగి రావాలి. దుమ్ముకు ఆ కాంటాక్ట్ పాడైన రోజు రేడియో కూడా పోతుంది.

దానికి బదులు డెక్ లోపలే చిన్న 12 వోల్టుల సిగ్నల్ రిలే, అంటే కరెంటుతో దారి మార్చే స్విచ్ పెట్టాను. కరెంటు లేనప్పుడు ట్యూనర్ దారి కలిసి ఉంటుంది, స్విచ్ వేస్తే ఫోన్ దారికి మారుతుంది. రేపు స్విచ్ పాడైనా, వైరు తెగినా బండి కంపెనీ నుంచి వచ్చినట్టే పనిచేస్తుంది. కాయిల్‌కి అడ్డంగా ఒక డయోడ్ పెట్టడం మరవకూడదు.

స్విచ్ వేసిన ప్రతిసారీ స్పీకర్లలో డబ్ మని కొట్టేది. మీటర్ పెడితే ట్యూనర్ వైపు దాదాపు 4 వోల్టుల డీసీ ఉంది, ఫోన్ వైపు సున్నా. రిలే మారగానే కెపాసిటర్ ఒక్కసారిగా ఖాళీ అవుతోంది. ట్యూనర్ వైపు ఇంకో 10 మైక్రోఫారాడ్ కెపాసిటర్ వేసి, రిలే కాంటాక్టులన్నిటి నుంచీ ఎర్త్‌కి 100 కిలో ఓంల రెసిస్టర్లు పెట్టాను. అన్నీ సున్నా దగ్గర నిలబడ్డాయి, డబ్ పోయింది.

ఈల శబ్దం

డెక్ బండిలో పెట్టి ఇంజన్ స్టార్ట్ చేస్తే సన్నని ఈల. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ ఈల పైకి పోతోంది. ఆల్టర్నేటర్ శబ్దం అది. ఇలాంటప్పుడు వెంటనే ఫిల్టర్లు కొనకుండా, ఎక్కడి నుంచి వస్తోందో విడగొట్టి చూడాలి. ఫోన్ చార్జర్ తీసేశాను, ఈల సగం తగ్గింది. జాక్ కూడా పీకేశాను, అయినా కొంచెం ఉంది. అంటే ఒక తప్పు నా వైరింగ్‌లోనే ఉంది. చూస్తే ఫోన్ జాక్ దోపే సాకెట్ ఇనుప ఒర డాష్‌బోర్డ్ వెనక ఉన్న బ్రాకెట్‌ని తాకుతోంది. ఎర్త్ రెండు చోట్ల కలిసింది. ఒరకు స్లీవ్ వేసి, ఎర్త్‌ని డెక్ లోపల ఆడియో చిప్ దగ్గర ఒక్క చోటే ఉంచాను. చార్జర్ లేకుండా అంతా నిశ్శబ్దం.

చార్జర్ పెడితే మాత్రం ఈల మళ్ళీ వస్తోంది. ఫోన్‌కి చార్జర్ ద్వారా ఒక ఎర్త్, ఆక్స్ ద్వారా ఇంకో ఎర్త్. ఆ చుట్టు తెగాలంటే మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి పోయి 600 ఓంల ఆడియో ట్రాన్స్‌ఫార్మర్లు రెండు తెచ్చాను. ఈల పూర్తిగా పోయింది. కానీ ఢోలు, మద్దెల శబ్దాలు బోలుగా వినపడ్డాయి. ఫోన్ శబ్దం ఎక్కువై పగలకుండా ఉండాలని 4.7 కిలో ఓంల రెసిస్టర్లు ఒక్కో వైపు రెండేసి పెట్టి లెవెల్ సగానికి తగ్గించాను. వాటిని ట్రాన్స్‌ఫార్మర్‌కి ముందు, ఫోన్ వైపు పెట్టడం నేను చేసిన పొరపాటు. ట్రాన్స్‌ఫార్మర్‌కి వెనక నుంచి గట్టి సిగ్నల్ అందకపోతే బేస్ దాటదు. అవే రెసిస్టర్లను ట్రాన్స్‌ఫార్మర్ తర్వాతికి మార్చగానే మద్దెల తిరిగొచ్చింది.

సాకెట్, స్విచ్ కోసం డాష్‌బోర్డ్‌కి రంధ్రం పెట్టలేదు. స్టీరింగ్ పక్కన ఖాళీ స్విచ్‌కి వేసే ప్లాస్టిక్ మూత ఉంటుంది. దాన్ని తీసి బల్ల మీద పెట్టి రంధ్రాలు చేశాను. ఎప్పుడైనా వద్దనుకుంటే ఆ మూత ఒక్కటి మారిస్తే చాలు. లోపలి వైర్లకు జిగురు టేపు వాడలేదు, మా ఎండకు అది కారిపోతుంది. టై వేసి, గుడ్డ టేపు చుట్టాను. సామాను మొత్తం వెయ్యి రూపాయలలోపే అయింది. మూడు రోజులు పట్టింది.

నార్కట్‌పల్లి దాకా ఆయనతో కలిసి నడిపి చూశాం. చార్జర్ పెట్టి, ఏసీ వేసి, గొంతు బాగా తగ్గే చోట వాల్యూమ్ పెంచాను. చిరుతలు తగిలే చప్పుడు, పాట మధ్యలో ఆయన నాయన ఊపిరి తీసుకోవడం, దూరంగా ఎవరో బిందె దించిన శబ్దం అన్నీ వినిపించాయి. ఆయన బండి పక్కకు ఆపమన్నారు. ఆ పదం అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

తర్వాత నా పనిలో మారినవి

ఇప్పుడు ఏ బండి స్టీరియో పనికొచ్చినా, కొత్తది కలపడం గురించి మాట్లాడే ముందు డెక్ వెనక టేపు చుట్టిన చోట్లన్నీ విప్పి చూస్తాను. ఇంతకు ముందు ఎవరైనా చెయ్యి పెట్టారా అని అడుగుతాను. పెట్టారంటే పాత పని సరిచేశాకే నా పని మొదలుపెడతాను. ఈ కేసులో ఆ పది నిమిషాలు ముందే పెట్టి ఉంటే ఆయనకు ఒక వారం కలిసొచ్చేది. “ఈ మధ్య సరిగ్గ వస్తలేదు” లాంటి మాట వినపడితే, అడిగిన పనితో సంబంధం లేదనిపించినా నోట్‌బుక్‌లో రాసుకుంటున్నాను. వైరు ఒకటి కోయాల్సి వస్తే రెండు కొసలకూ చీటీ కట్టందే కోయడం లేదు. మా షాపులో పిల్లలకూ అదే చెప్పాను.

ఎఫ్ఎంని మన బ్యాండ్‌కి తెచ్చే కన్వర్టర్ పెట్టమంటారా అని కూడా ఆయనను అడిగాను. వద్దన్నారు, 738 చాలన్నారు.

ఎనిమిది నెలల తర్వాత బ్యాటరీ నీళ్ళు చూపించడానికి వచ్చారు. రిలే, ట్రాన్స్‌ఫార్మర్లు బాగానే ఉన్నాయి. రోజూ పెట్టి తీయడంతో సాకెట్ వదులై రైట్ వైపు అప్పుడప్పుడు పోతోంది. ఇరవై నిమిషాల్లో కొత్త సాకెట్ వేశాను. నేను గీసిచ్చిన వైరింగ్ బొమ్మ డాష్‌బోర్డ్ డబ్బాలో ప్లాస్టిక్ కవర్‌లో అలాగే ఉంది. సాకెట్ మార్చిన తేదీ దాని మీద రాసి, మళ్ళీ అక్కడే పెట్టాను.